వద్దన్న ఏడాదే గేట్లు తెరిచారు

ఏప్రిల్ 15 దగ్గర పడుతోంది. అమెరికా యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ సీటు వచ్చినవాళ్లు చేరేదీ లేనిదీ ఆ తేదీకల్లా చెప్పేయాలి. మామూలు రోజుల్లో అయితే రెండు మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని, బోస్టనా హ్యూస్టనా అని తేల్చుకోలేక టెన్షన్ పడేవాళ్లు. బయోమెడికల్ సైన్సెస్‌లో ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నది యూనివర్సిటీలు. 2025లో యూమాస్ చాన్ వైద్య విద్యాలయం ఫాల్ బ్యాచ్‌కి ఇచ్చిన బయోమెడికల్ పీహెచ్‌డీ ఆఫర్లను వెనక్కి తీసుకుంది. పెన్సిల్వేనియా, డ్యూక్ లాంటి చోట్ల సీట్లు తగ్గించారు. ఆ అక్టోబరులో హార్వర్డ్ సైన్స్ విభాగం వచ్చే రెండేళ్లకు పీహెచ్‌డీ సీట్లను 75 శాతానికి పైగా తగ్గిస్తోందని అక్కడి విద్యార్థి పత్రిక రాసింది. ఇప్పుడు అడ్మిషన్ల వేళ అదే గొడవ మళ్లీ రాజుకుంది. తప్పెవరిది?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఈ వార్తలు చదివే తల్లిదండ్రులకు వినిపించే జవాబు ఒక్కటే. ట్రంప్ వచ్చాడు, డబ్బులు ఆపాడు, సీట్లు పోయాయి. అందులో అబద్ధం లేదు. కానీ ఒక్క గాలివానకే ఇంత పెద్ద ఇంటి గోడలు ఎందుకు బీటలిచ్చాయో ఆ జవాబులో దొరకదు.

ఇలాంటి కథ ఎవరు రాసినా యల్లాప్రగడ సుబ్బారావుతో మొదలుపెట్టడం మన ఆనవాయితీ. భీమవరంలో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తెచ్చుకున్న మనిషి. ఆ కథ అందరికీ తెలిసిందే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వం యూనివర్సిటీ పరిశోధనకు డబ్బు ఎలా పెట్టడం మొదలుపెట్టిందో అదీ ఎక్కడైనా దొరుకుతుంది. నేరుగా 1998కి వద్దాం.

ఆ ఏడాది అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక నివేదిక విడుదల చేసింది. కమిటీ అధ్యక్షురాలు షిర్లీ టిల్గ్‌మన్. ప్రిన్స్‌టన్‌లో మాలిక్యులర్ బయాలజిస్టు, తర్వాత అదే యూనివర్సిటీకి ప్రెసిడెంటు అయ్యారు. కమిటీ చూసిన లెక్క మొహమాటం లేనిది. జీవశాస్త్రాల్లో ఏటా పీహెచ్‌డీ పొందేవాళ్ల సంఖ్య సుమారు పదేళ్లలో 40 శాతం దాకా పెరిగింది. ఆ పెరుగుదలలో పెద్ద వాటా విదేశీ విద్యార్థులది. ప్రొఫెసర్ ఉద్యోగాలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. పట్టా చేతికొచ్చాక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అనే వెయిటింగ్ హాల్లో ఏళ్లకేళ్లు కూర్చునేవాళ్లు పోగుపడుతున్నారు.

కమిటీ చేసిన సిఫార్సుల్లో రెండు మన కథకి ముఖ్యం. ఒకటి, ఉన్న పీహెచ్‌డీ ప్రోగ్రాములను ఇక పెంచొద్దు, కొత్తవి పెట్టొద్దు. రెండు, విద్యార్థి జీతం ప్రొఫెసర్ పరిశోధన గ్రాంటు నుంచి కాకుండా, శిక్షణ కోసమే ఇచ్చే గ్రాంట్లూ ఫెలోషిప్పుల నుంచి ఎక్కువగా రావాలి.

నివేదిక మీద సిరా ఆరకముందే అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ వేరే దారి పట్టింది. వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌ను ఐదేళ్లలో రెట్టింపు చేయాలనుకున్నారు. రిపబ్లికన్ సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్, డెమోక్రాట్ టామ్ హార్కిన్ చేతులు కలిపారు. క్లింటన్ హయాంలో మొదలైంది, బుష్ హయాంలో పూర్తయింది. 1998లో 13.6 బిలియన్ డాలర్లున్న బడ్జెట్ 2003 నాటికి 27 బిలియన్లు దాటింది. క్యాన్సర్‌కీ అల్జీమర్స్‌కీ మందు కనిపెడతామంటే కాదనే రాజకీయ నాయకుడు ఏ దేశంలోనూ ఉండడు.

ఇప్పటి గొడవకు మూలం నా లెక్కలో ఆ ఐదేళ్లే. ఒక మంచి ఏడాది చెరువు నిండిందని ఆయకట్టు రెట్టింపు చేసుకున్నట్టయింది. యూనివర్సిటీలు కొత్త ల్యాబు భవనాలు కట్టాయి, కొన్ని అప్పు చేసి మరీ కట్టాయి. తమ జీతంలో పెద్ద భాగం తామే గ్రాంట్ల నుంచి తెచ్చుకోవాలన్న షరతు మీద కొత్త ప్రొఫెసర్లను తీసుకున్నాయి. ఆ ల్యాబుల్లో పిపెట్ పట్టుకుని నిలబడడానికి చేతులు కావాలి. అన్నిటికన్నా చవకైన చేతులు పీహెచ్‌డీ విద్యార్థివి. పెంచొద్దు అన్న సిఫార్సును కొట్టిపారేయాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. పక్కన పెట్టేశారు, అంతే.

2003తో రెట్టింపు ఆగిపోయింది, ఆ తర్వాత బడ్జెట్ దాదాపు ఉన్నచోటే ఉంది. పన్నెండేళ్లలో ద్రవ్యోల్బణం దాని విలువలో ఐదో వంతుకు పైగా తినేసింది. రెట్టింపు మొదలైన రోజుల్లో మూడు గ్రాంటు దరఖాస్తుల్లో ఒకటి దాకా నెగ్గేది. 2006 కల్లా అది ఐదింట ఒకటికి పడిపోయింది. 2013లో తప్పనిసరి కోతలొచ్చి 1.55 బిలియన్ డాలర్లు తెగ్గోసినప్పుడు ఆరింట ఒకటి దగ్గరికి దిగింది. పొలాలు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి, నాట్లు వేస్తూనే ఉన్నారు.

ఇక్కడ డబ్బు ఏ దారిన వస్తుందో కాస్త నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే మన పిల్లలు ఇరుక్కునేది ఇక్కడే.

మన దగ్గర సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ వచ్చిన పిల్ల సీసీఎంబీలో చేరినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చేరినా ఫెలోషిప్ ఆమె పేరు మీదే ఉంటుంది. 2023 నుంచి నెలకు 37,000. అది నెలనెలా సరిగ్గా పడుతుందా అన్నది వేరే ఏడుపు. కానీ అది ఆమెది, గైడ్ ప్రాజెక్టు డబ్బు అయిపోతే పోయేది కాదు. అమెరికా బయోమెడికల్ ప్రోగ్రాముల్లో ఎక్కువచోట్ల పద్ధతి వేరు. ఫీజు కట్టక్కర్లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. మొదటి ఏడాది ఖర్చు సాధారణంగా ప్రోగ్రామే భరిస్తుంది. అప్పుడు విద్యార్థి రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున రొటేషన్లు చేసి ఒక ప్రొఫెసర్‌ని ఎంచుకుంటాడు. ఎంచుకున్న రోజు నుంచి స్టైపెండూ ట్యూషనూ ఇన్సూరెన్సూ చాలావరకు ఆ ప్రొఫెసర్ గ్రాంటు మీదే. ఆ గ్రాంటు ఎక్కువగా ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఆర్‌ఓ వన్ (R01). నాలుగైదేళ్లు ఉంటుంది. పీహెచ్‌డీ ముగియడానికి ఐదారేళ్లు పడుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీ ఎప్పుడూ ఉంది. రెన్యువల్ సులువుగా వచ్చినన్నాళ్లు ఎవరికీ కనిపించలేదు.

అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఎన్‌ఐహెచ్ శిక్షణ గ్రాంట్లనే గొడుగు ఉంది. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాళ్లకు అందులో చోటు లేదు. వాళ్లు నిలబడేది ఎక్కువగా ప్రొఫెసర్ గొడుగు కిందే. ప్రొఫెసర్ గ్రాంటు ఆగితే ముందు తడిసేది వాళ్లే.

మనవాళ్లు పైకి అనని మాట ఒకటుంది. టిల్గ్‌మన్ కమిటీ రెండో సిఫార్సు అమలై ఉంటే మన పిల్లల్లో చాలామందికి ఆ సీట్లే వచ్చేవి కావు. ఏ దారిని ఇరుకు చేయమన్నారో ఆ దారిలోనే మనవాళ్లు వెళ్లారు. కాబట్టి 1998లో ఆమె మాట వినుంటే అందరికీ మేలు జరిగేదని నేను చెప్పను. తక్కువ మంది వెళ్లేవాళ్లు, వెళ్లినవాళ్ల కాళ్ల కింద నేల గట్టిగా ఉండేది.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. 2012లో ఎన్‌ఐహెచ్ వేసిన కమిటీకి సహాధ్యక్షురాలిగా ఉండి దాదాపు అదే మాట మళ్లీ చెప్పారు. 2014లో బ్రూస్ ఆల్బర్ట్స్, మార్క్ కిర్ష్‌నర్, హెరాల్డ్ వార్మస్‌లతో కలిసి, ఈ వ్యవస్థ నిర్మాణంలోనే లోపముందని ఒక వ్యాసం రాశారు. వీళ్లలో వార్మస్, రెట్టింపు మొదలైనప్పుడు స్వయానా ఎన్‌ఐహెచ్ డైరెక్టర్. తలుపులు తీసినవాళ్లలో ఒకరే పదహారేళ్ల తర్వాత గాలి ఎక్కువొస్తోందని రాశారన్నమాట.

విద్యార్థులు ఆ వ్యాసాలతో సరిపెట్టుకోలేదు. 2022 చివర్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో 48,000 మంది పరిశోధక విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు, టీచింగ్ అసిస్టెంట్లు సమ్మె చేశారు. అద్దె కట్టాక తిండికి మిగలడం లేదన్నది వాళ్ల మొర. జీతాలు పెరిగాయి, పెరగాల్సిందే. ఇప్పుడు చాలా పెద్ద యూనివర్సిటీల్లో స్టైపెండ్ ఏడాదికి 40,000 డాలర్లు దాటింది. కానీ ఆర్‌ఓ వన్‌లో పద్దు వివరంగా చూపకుండా ఏడాదికి అడగగలిగే మొత్తం 1999లో పెట్టిన 2,50,000 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. చాలా ల్యాబులు ఆ గీత దాటవు. అదే సొమ్ముతో ఒకప్పుడు ముగ్గురు నలుగురిని పెట్టుకున్న ప్రొఫెసర్ ఇప్పుడు ఒకరిని తీసుకోవడానికి ఆలోచిస్తున్నాడు.

2025 వచ్చేసరికి పరిస్థితి ఇది. ఫిబ్రవరి 7న ఎన్‌ఐహెచ్, గ్రాంట్ల మీద యూనివర్సిటీలకు ఇచ్చే ఓవర్‌హెడ్ ఖర్చును 15 శాతానికి మించనివ్వమని ప్రకటించింది. 2023లో ఇచ్చిన 35 బిలియన్లలో 9 బిలియన్లు ఓవర్‌హెడ్‌కే పోయాయన్నది ప్రభుత్వ వాదన. కరెంటు, జంతువుల గదులు, భద్రతా తనిఖీలు ఆ డబ్బుతోనే నడుస్తాయని, అది పోతే సీట్లు తగ్గించక తప్పదని యూనివర్సిటీల వాదన. రెంటిలోనూ కొంత నిజముంది.

అయితే ఆ 15 శాతం పరిమితి అమలు కానేలేదు. బోస్టన్ ఫెడరల్ కోర్టు ఆపింది, 2026 జనవరిలో అప్పీళ్ల కోర్టూ దాన్నే నిలబెట్టింది. బడ్జెట్‌ను 40 శాతం దాకా తగ్గించాలన్న ప్రతిపాదనకు కాంగ్రెస్ ఒప్పుకోలేదు. అయినా సీట్లు తగ్గాయి. కొన్ని గ్రాంట్లను మధ్యలో రద్దు చేశారు. కొత్త గ్రాంట్లలో చాలావాటికి అన్నేళ్ల డబ్బూ మొదటే ఇచ్చేసే పద్ధతి తెచ్చారు కాబట్టి ఉన్న సొమ్ము తక్కువ మందికే సరిపోయింది. సీటు ఇవ్వడమంటే వేరొకరి డబ్బుతో ఐదేళ్లకు మాట ఇవ్వడం. ఆ డబ్బు మీద అనుమానం వస్తే చాలు, మాట ఆగిపోతుంది. యూనివర్సిటీల ప్రకటనల్లో ఫిబ్రవరి 7 కనిపించినంతగా 1998 నుంచి 2003 దాకా తాము పెంచుకున్న ఆయకట్టు కనిపించదు.

మన పిల్లలకు దీనిపైన ఇంకో పొర ఉంది. 2025 ఆగస్టులో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ, ఎఫ్-1 విద్యార్థి చదువు ముగిసేదాకా ఉండనిచ్చే పద్ధతి తీసేసి, గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టే ప్రతిపాదన ముందుకు తెచ్చింది. ఆ పైన ఉండాలంటే పొడిగింపు అడగాలి. ఐదారేళ్ల చదువు, నాలుగైదేళ్ల గ్రాంటు, నాలుగేళ్ల గడువు.

ఇప్పుడు ఆఫర్ చేతిలో ఉన్నవాళ్లలో చాలామంది యూనివర్సిటీ ర్యాంకు చూస్తున్నారు. చూడాల్సింది ఇంకోటి ఉంది. ఏ ప్రొఫెసర్‌కి ఏ గ్రాంటు ఉంది, అది ఏ తేదీన ముగుస్తుంది అన్నది ఎన్‌ఐహెచ్ వాళ్ల రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. పేరు కొడితే చాలు.