కొల్లేరు గట్టు ఎక్కడ? అయిదో కాంటూరా, మూడో కాంటూరా?

కైకలూరు పక్కన ఆటపాకలో బోటెక్కితే నీళ్ల మధ్య ఇనుప స్టాండ్లు, వాటి మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు కనిపిస్తాయి. పేపర్లవాళ్లు వీటినే పెలికాన్లు అంటారు. సైబీరియా నుంచి వచ్చే అతిథులని ఏటా రాస్తుంటారు కూడా. నిజానికి ఈ జాతి గూడబాతు దక్షిణాసియాదే, ఇక్కడే పిల్లల్ని చేస్తుంది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి దగ్గర చూసినప్పుడు దాదాపు 3000 పెలికాన్లు గూళ్లు పెట్టి ఉన్నాయి. 1975 నాటికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఈ స్టాండ్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు అటవీ శాఖ పాతినవి.

కొల్లేటికి స్థిరమైన గట్టు లేదు. గొడవంతా అక్కడే మొదలైంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి. ఎక్కువైన నీళ్లు సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తాయి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం లంకల చుట్టూ నేల బయటపడుతుంది. అందుకే సరస్సు హద్దును సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు అనే లెక్కలో, అంటే కాంటూరులో చెబుతారు. పదో కాంటూరు దాకా నిండితే సుమారు 900 చదరపు కిలోమీటర్లు. అయిదో కాంటూరుకు 308. మూడుకు దిగితే 135 మాత్రమే. రెండడుగుల తేడాలో సగానికి పైగా సరస్సు మాయం!

బయటపడిన నేలలో మొదట వరి వేశారు. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డి కులస్థులకు, దళితులకు బతుకుదెరువు చూపాలన్నది అప్పటి ఉద్దేశం. చేపలో డబ్బు కనబడ్డాక పెట్టుబడిదారులు దిగారు, లీజులు చేతులు మారాయి. చాలాచోట్ల పేరు సొసైటీది, చెరువు మరొకరిది. కొల్లేటి బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కోల్‌కతా దాకా వెళ్లేవి. కట్టిన ప్రతి గట్టూ నీటి దారికి అడ్డమే. మోకాలి లోతు నీళ్లలో మేత వెతుక్కునే కొంగకు, ఉల్లంకికి లోతైన చెరువు పనికిరాదు.

1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. గట్లు మాత్రం కదల్లేదు. చివరికి 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల ఒత్తిడితో ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. పొక్లెయిన్లతో, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలతో చెరువు గట్లు తెంచారు. పెద్దలు తట్టుకున్నారు. కూలీకి, చిన్న వాటాదారుకు ఒక్కసారిగా పని పోయింది. అభయారణ్యం లోపలే జిరాయితీ, అంటే సొంత భూమి పట్టాలున్న రైతులు మా భూమి సంగతేంటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

రాజకీయ పార్టీలు దానికి ఇచ్చిన జవాబు, హద్దునే తగ్గించడం. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏ విషయంలోనూ పొసగని పార్టీలు దీనికి మాత్రం కలిశాయి! కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో ఒప్పుకోలేదు. అయిదో కాంటూరే ఉంచండి, పట్టా రైతులకు పరిహారం ఇచ్చి ఆ భూములు తీసుకోండి అంది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో పక్షినీ రైతునూ కలిపి చూసిన సలహా అదొక్కటే.

ఈలోగా తెంచిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది ఈ గట్ల మధ్యకే. 2025లో ఆక్రమణల వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. వాదన ఇప్పటికీ ఆ రెండడుగుల మీదే.