గేజ్ దాచే 14.7
"బంతిలో గాలి ఎవరూ తీయకుండా దానంతటదే తగ్గుతుందా?" అని విశాఖ పాఠకుడొకరు అడిగారు. 2015 జనవరి 18న పేట్రియట్స్, కోల్ట్స్ ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ గొడవ, అంటే పేట్రియట్స్ తమ బంతుల్లో కావాలనే గాలి తగ్గించిందన్న ఆరోపణ, చదివాక వచ్చిన సందేహమట. పంక్చర్ లేకపోయినా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క కట్టేటప్పుడే చాలామంది బోల్తా పడతారు.

అక్కడి నియమం 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడో చెప్పే కొలత). పేట్రియట్స్ తమ బంతులకు కోరుకున్నది 12.5.

గాజువాకలో ఏ పంక్చర్ షాపులోనైనా చూడండి. గొట్టం టైరుకు పెట్టకముందు గేజ్ ముల్లు సున్నా మీద ఉంటుంది. అక్కడ గాలి లేక కాదు. సముద్రమట్టం దగ్గర మన చుట్టూ ఉన్న గాలే 14.7 పీఎస్‌ఐతో నొక్కుతోంది. గేజ్ దాన్ని సున్నా అనుకుని, అంతకు మించినదే చూపిస్తుంది. బంతి లోపలి అణువులకు ఆ సున్నాతో పనిలేదు. వాటి అసలు పీడనం 12.5కు 14.7 కలిపితే వచ్చే 27.2. చలికి తగ్గేది ఆ మొత్తమే. క్లాసులో సెల్సియస్‌ను కెల్విన్‌లోకి మార్చమని పదేపదే చెబుతారు గానీ, గేజ్ అంకెకు 14.7 కలపమని అంత గట్టిగా చెప్పరు. చెప్పి తీరాలి.

గదిలో 22 డిగ్రీలు, మైదానంలో 9 అనుకుందాం. అంటే 295 కెల్విన్ నుంచి 282. 27.2ను 282తో గుణించి 295తో భాగిస్తే 26. అందులోంచి 14.7 తీసేస్తే 11.3. కలపడం మరిచిపోతే 11.9 పైచిలుకు వస్తుంది. అప్పుడు మిగతా 0.6 ఎవరో దొంగిలించారనిపిస్తుంది!

ఇంట్లోనే చూడొచ్చు. 30 డిగ్రీల గదిలో మామూలు ఫుట్‌బాల్‌కి 8 పీఎస్‌ఐ గాలి కొట్టి, 5 డిగ్రీల ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచండి. తీసిన వెంటనే కొలిస్తే 6 దగ్గరకు వస్తుంది. సూదిని గ్లిజరిన్‌తో తడిపి నెమ్మదిగా దించాలి. ఎండు సూది వాల్వ్ రబ్బరును చీలుస్తుంది. కొలిచిన ప్రతిసారీ కాస్త గాలి గేజ్‌లోకి పోతుంది కాబట్టి ఒక్కసారే కొలవండి.

అసలు లోపం తనిఖీలో ఉంది. హాఫ్‌టైమ్‌లో పేట్రియట్స్ బంతులు 11 రెండు గేజ్‌లతో కొలిచారు. లోగో ఉన్న గేజ్ సగటు 11.49, రెండోదాని సగటు 11.11. మ్యాచ్‌కు ముందు ఏ గేజ్ వాడారో, ఎంత వచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు. లోగో గేజే వాడానని రిఫరీకి గుర్తు. రెండోదే అయ్యుంటుందని విచారణ నివేదిక తేల్చింది. లోగో గేజ్ అయితే చలి ఒక్కటే చాలు, ఇంకే కారణమూ అక్కర్లేదు. రెండోదైతే 0.2 లోటు మిగులుతుంది. దానికీ ఒక సమాధానముంది: ఆ రోజు వాన. తడిసిన కుండలో నీళ్లు చల్లబడ్డట్టే తడిసిన తోలూ ఇంకాస్త చల్లబడుతుంది. కోల్ట్స్ బంతులు నాలుగే కొలిచారు, అవీ తర్వాత, వెచ్చని గదిలో ఎక్కువసేపు ఉన్నాక. అలాంటప్పుడు రెండు జట్ల బంతుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా కుదురుతుంది? అయినా పేట్రియట్స్ తరఫున బంతి విసిరే ముఖ్య ఆటగాడు టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం, జట్టుకు 10 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి.

బంతి నంబరు, గేజ్ నంబరు, గది ఉష్ణోగ్రత, కొలిచిన సమయం: ఈ నాలుగూ ఒక కాగితం మీద ఉంటే సరిపోయేది. 2015 సీజన్ నుంచి బంతులకు నంబర్లు వేసి పీడనం నమోదు చేయడం మొదలైంది. ఆ కొలతలను మాత్రం పోటీలు నడిపే లీగ్ బయటపెట్టలేదు.