తులమెత్తు గుండు, నిదానపు మందు

నా మేనల్లుడిది హనుమకొండ, ఉద్యోగం టెక్సాస్‌లో. నేను వాళ్లింటికి వెళ్లిన రెండో రోజే గ్యారేజీలోకి తీసుకెళ్లి ఒక బల్ల చూపించాడు. దాని మీద అవుసలి దుకాణంలో ఉండేలాంటి సున్నితమైన త్రాసు, ఒక చేతి ప్రెస్సు, వరుసగా నిలబెట్టిన ఇత్తడి తొడుగులు ఉన్నాయి. ఎన్‌సీసీలో ఉన్నప్పుడు ఫైరింగ్ అయ్యాక మేం ఏరి లెక్కపెట్టి అప్పజెప్పిన ‘ఖాళీ ఖోకాలు’ ఇవే. అక్కడ రైఫిల్ షూటింగ్ చేసేవాళ్లు చాలామంది వాటిని పారేయరు. మళ్లీ సైజు చేసి, కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత) బిగించి, తుపాకి మందు పోసి, గుండు కూర్చి వాడుకుంటారు. అక్కడ చట్టం దానికి ఒప్పుకుంటుంది. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. కాబట్టి ఇది మనం చేసే పని కాదు. కానీ దాని వెనకున్న భౌతికశాస్త్రాన్ని, ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పిన నేను వదలలేకపోయాను.

ఒక గుండు తీసి నా అరచేతిలో పెట్టాడు. రాగి రంగు, మొన దేలిన ముక్కు, చిటికెన వేలి కొసంత లావు.

“180 గ్రెయిన్లు మామా,” అన్నాడు.

గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు. ధాన్యపు గింజ బరువు నుంచి పుట్టిన పాత కొలత. మనసులో గుణించి చూస్తే 11.66 గ్రాములు వచ్చింది. ఆ అంకె నాకు బాగా తెలుసు. 1833లో బ్రిటిష్ వాళ్లు తులం బరువును సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖరారు చేశారు. ఇప్పుడు వరంగల్ బంగారం దుకాణాల్లో తులం అంటే పది గ్రాములే గానీ, మా అమ్మ పుస్తెలతాడు తూచిన పాత తులం 11.66 గ్రాములది, 96 గురిగింజల ఎత్తు. నా చేతిలో ఉన్నది అచ్చంగా ఒక పాత తులం సీసం, రాగి.

ఆ తులాన్ని సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో విసిరే తూటా పేరు .300 వించెస్టర్ మాగ్నమ్. 1963లో వచ్చింది. మాగ్నమ్ అనేది అసలు పెద్ద షాంపేన్ సీసా పేరు. మామూలు తూటా కంటే ఎక్కువ మందు పట్టే పెద్ద ఖోకా కాబట్టి ఆ పేరు అంటుకుంది. ఆ ఖోకాలో ఆరు మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి, ఒక చిన్న చెంచాడు కంటే కొంచెం ఎక్కువ. గుండుకు దక్కే శక్తి 4,700 జౌళ్లు. యాభై కిలోల సిమెంటు బస్తాను మూడో అంతస్తుకు ఎత్తేంత పని అది.

“ఇంత స్పీడు రావాలంటే అన్నిటికన్నా బలమైన మందు పోయాలి కదా?” అని అడిగాను.

“కాదు మామా. అన్నిటికన్నా నిదానంగా కాలే మందుల్లోంచి ఒకటి పోయాలి.”

ఆ జవాబు ఎందుకు సరైనదో విప్పి చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట బలం సంగతి. ఆ ఖోకాలో పట్టే మందు సుమారు నాలుగున్నర గ్రాములు. కాలితే దాని నుంచి వచ్చే వేడి 17,000 జౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది. అంతే బరువు భూపాలపల్లి బొగ్గు కాల్చి చూడండి, దానికి మూడు నాలుగు రెట్ల వేడి వస్తుంది. అంటే శక్తిలో తుపాకి మందు బొగ్గు ముందు ఆగదు. తేడా ఎక్కడంటే, బొగ్గు గాలిలోని ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తుంది, మందు తన ఆక్సిజన్‌ను తన అణువుల్లోనే దాచుకుంటుంది. అందుకే మూసిన ఖోకాలో కూడా కాలిపోగలదు. గుండు గొట్టం దాటడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతు, కాస్త పైన. అంత తక్కువ సమయంలో అంత పని అంటే, ఆ క్షణానికి మన పొలాల్లోని అయిదు హార్స్‌పవర్ మోటర్లు దగ్గర దగ్గర వెయ్యి ఒకేసారి తిరిగినట్టు.

రైఫిల్‌కు వాడే మందులన్నీ గ్రాముకు ఇచ్చే శక్తిలో పెద్దగా తేడా ఉండవు. తేడా అంతా ఆ శక్తిని ఎంత సేపట్లో ఇస్తాయన్న దాంట్లోనే. ఇక్కడ ఒక మెలిక ఉంది. మేనల్లుడు పెరట్లో సిమెంటు నేల మీద చిటికెడు మందు పోసి పొడవాటి లైటరుతో అంటించాడు. పేలలేదు. పసుపుపచ్చటి మంట మెత్తగా లేచి, బుస్సుమని ఆరిపోయింది. అదే మందు మూసిన చోట కాలితే వాయువు బయటికి పోలేదు, పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే మందు ఇంకా త్వరగా కాలుతుంది. త్వరగా కాలితే పీడనం ఇంకా పెరుగుతుంది. పీడనం రెట్టింపయితే కాలే వేగం కూడా రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. 1884లో మొదటి పొగలేని మందును పనిలోకి తెచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ వియేల్ పేరుతోనే ఈ సూత్రాన్ని చెప్పుకుంటారు.

ఈ పరుగుకు పగ్గం వేసేది గుండు కదలికే. గుండు ముందుకు జరిగేకొద్దీ వెనక చోటు పెరుగుతుంది, పీడనం దిగుతుంది. మందు త్వరగా కాలేదైతే గుండు ఇంకా కదలబోతుండగానే వాయువంతా పుట్టేస్తుంది. ఈ తూటాకు అమెరికా ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 64,000 పౌన్లు. మనం కారు టైరులో కొట్టించే 32 పాయింట్ల గాలికి రెండు వేల రెట్లు. అది దాటితే ఖోకా వెనక గడియలా బిగిసే బోల్టు, గొట్టం, వెనక కాల్చే మనిషి ముఖం, దేనికీ భరోసా లేదు. శిఖరాన్ని పెంచడానికి లేదు కాబట్టి, వేగం కావాలంటే ఒకటే దారి: శిఖరం దాటాక పీడనం జారిపోకుండా పట్టి ఉంచాలి, గుండు గొట్టం చివరి దాకా వెళ్లేవరకు వెనక నుంచి నెడుతూనే ఉండాలి. పెద్ద ఖోకా నిండా నిదానంగా కాలే మందు పోస్తే ఆ పని అవుతుంది.

నిదానంగా కాలేలా మందును ఎలా చేస్తారు? భూతద్దం ఇస్తే చూశాను. ముదురు బూడిద రంగు, పెన్సిల్ ములుకు తుంపినట్టు చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్క నడుమ సన్నని రంధ్రం. నాకు గారెలు గుర్తొచ్చాయి. పండుగకు గారె నడుమ చిల్లు పెట్టేది లోపలి వైపు కూడా నూనె తగిలి వేగాలనే కదా. మందు ముక్కలోనూ అంతే, మంట ఉపరితలం మీదే సాగుతుంది. చిల్లు లేని ముక్క కాలేకొద్దీ బయటి ఉపరితలం తగ్గుతుంది, వాయువు తగ్గుతుంది. చిల్లు ఉంటే బయట తగ్గినంత లోపల పెరుగుతుంది, వాయువు ఒకే తీరుగా వస్తుంది. అమెరికా సైన్యాధికారి థామస్ రాడ్‌మన్ పెద్ద ఫిరంగుల కోసం 1860ల నాటికే ఈ కిటుకు కనిపెట్టాడు. చిల్లులు ఎక్కువైతే కాలేకొద్దీ వాయువు పెరుగుతుంది కూడా. ముక్క ఎంత లావుగా ఉంటే అంత నిదానం. దాని మీద మంటను మొదట్లో అదిమిపెట్టే పూత ఒకటి వేస్తారు. ఆ బూడిద రంగు గ్రాఫైటుది. రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు చేరకుండా, ముక్కలు అంటుకోకుండా అది కాపాడుతుంది.

కాలడానికీ పేలడానికీ తేడా నేను చిన్నప్పుడే కళ్లారా చూశాను, అర్థం మాత్రం తర్వాత అయింది. మా బాపు బావి తవ్విస్తుంటే రాతిపొర తగిలింది. రంధ్రాలు వేసి జిలెటిన్ కూరి పేల్చారు. రాయి నుగ్గునుగ్గయింది. బావికి కావలసింది అదే. కరీంనగర్ గ్రానైటు క్వారీలో మాత్రం దిమ్మె చెక్కుచెదరకుండా రావాలి. జిలెటిన్ లాంటిది పెడితే లోపల సన్నని చీలికలు పడి దిమ్మె పనికిరాదు. అందుకే అలంకరణ రాయి తీసే క్వారీల్లో నిదానంగా నెట్టే పాతకాలపు నల్ల తుపాకి మందు వాడేవారు, ఇప్పుడు డైమండ్ వైరుతో కోస్తున్నారు. రైఫిల్ గొట్టంలో కావలసింది కూడా ఆ నెట్టుడే.

ఇప్పుడు గుండు బరువు. బరువైన గుండు కదలడానికి మొరాయిస్తుంది, వెనక చోటు ఆలస్యంగా పెరుగుతుంది. కాబట్టి దానికి ఇంకా నిదానపు మందు కావాలి. తేలికైన గుండుకు కాస్త త్వరగా కాలేది సరిపోతుంది. పొడవైన గుండు ఖోకా లోపలికి దిగి మందు చోటును తింటుంది, దాంతో పీడనం పెరుగుతుంది. సీసం లేకుండా వట్టి రాగితో చేసిన గుండు అదే బరువుకు ఇంకా పొడవుంటుంది, రాగి సాంద్రత తక్కువ కాబట్టి. ఒకటి మారిస్తే మిగతా లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కంపెనీలు ప్రయోగశాలలో పీడనం కొలిచి పట్టికలు అచ్చువేస్తాయి. వాటిని దాటి సొంత తెలివి చూపేవాళ్లను మేనల్లుడు తన పక్కన షూటింగుకు నిలబడనివ్వడు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

ఎండ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. వేడెక్కిన మందు ఇంకా త్వరగా కాలుతుంది. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ తూటాలో మొదట వాడింది కార్డైట్, చూడ్డానికి సేమియా పోగుల్లా ఉండే మందు. దానికి వేడంటే పడదు. లండన్‌లో సరిగ్గా ఉన్న పీడనం మన మే నెల ఎండలో హద్దు మీరేది. అందుకని ఉష్ణదేశాల కోసం మందు తగ్గించి ప్రత్యేకంగా నింపేవారు.

వేగం పెరిగితే గుండుకూ కష్టమే. అంగుళానికి పదో వంతు చుట్టు తిప్పే గొట్టంలోంచి వచ్చిన గుండు నిమిషానికి రెండు లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది, బొంగరంలా నిలకడగా పోవాలంటే ఆ తిరుగుడు కావాలి. కానీ పలచని రాగి తొడుగున్న గుండు ఆ వేగంలో దేనికైనా తగిలితే పైపైనే చితికిపోతుంది. జాన్ నోస్లర్ అనే అమెరికన్‌కు 1946లో కెనడాలో .300 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ అనే పాత తూటాతో వేటాడుతుంటే ఇదే ఎదురైంది. గుండు నడుమ రాగి అడ్డుగోడ పెట్టి, ముందు భాగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా ఉండేలా కొత్త గుండు చేసి, రెండేళ్లలో అమ్మకానికి పెట్టాడు. మందు ఇచ్చిన వేగాన్ని తట్టుకునే గుండు దొరికాకే మాగ్నమ్‌కు అర్థం ఏర్పడిందని నాకనిపిస్తుంది.

పిస్టల్‌లో వాడే త్వరిత మందు ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూపమని అడిగాను. రెండు డబ్బాలు ఒకేసారి బల్ల మీదికి రావన్నాడు. పోసిన తర్వాత రెండూ బూడిద రంగు గింజలే, కళ్లు మోసపోతాయి. ఆ మందు పొరపాటున ఈ పెద్ద ఖోకాలో పడితే రైఫిల్ చేతుల్లోనే బద్దలవుతుంది. త్రాసు పళ్లెంలోని మందును దాని డబ్బాలోనే పోసి, మూత బిగించి, పేరు చీటీ ఒకసారి పైకి చదివి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాతే రెండో డబ్బా తీశాడు.