కరాటే, మానసిక వ్యాధి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో కరాటే నేర్పుతూ, బైపోలార్ వ్యాధికి (మనసు కొన్నాళ్లు విపరీతమైన ఉద్రేకంలో, కొన్నాళ్లు కుంగుబాటులో ఉండే జబ్బు) ఏళ్ల తరబడి లిథియం అనే మందు వాడుతున్న మనిషిగా, తల్లిదండ్రులూ తోటి మాస్టర్లూ నా దగ్గర తరచుగా అనే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మానసిక వ్యాధి ఉన్నవారికి పంచ్‌లు, కిక్‌లు నేర్పితే ఎవరినో ఒకరిని కొడతారు.

వాస్తవం: వీరిలో అత్యధికులు ఎవరి జోలికీ వెళ్లరు, నిజానికి ఇతరుల చేతిలో దెబ్బలు తినే ప్రమాదమే వీరికి ఎక్కువ. నా జబ్బు సంగతి తెలిసిన మర్నాడే ఒక శిక్షణ కేంద్రం వారు నన్ను ఇక రావద్దన్నారు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అయితే రాత్రుళ్లు నిద్ర లేక ఉద్రేకం పెరుగుతున్నప్పుడు, లేని మాటలు వినిపిస్తున్నప్పుడు కుమితే (ఎదుటివారితో తలపడే సాధన) ఆపి వైద్యుణ్ణి కలవాలి.

అపోహ: రోజూ కరాటే చేస్తే మందులు అక్కర్లేదు.

వాస్తవం: కుంగుబాటు, ఆందోళన తగ్గడానికి వ్యాయామం తోడ్పడుతుంది గానీ, బైపోలార్, స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం వంటివి ఉండే జబ్బు) మందులకు అది బదులు కాదు, మందులు ఉన్నట్టుండి మానేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు.

అపోహ: మందులు వాడుతుంటే మాస్టర్‌కు చెప్పాల్సిన పని లేదు.

వాస్తవం: మా ప్రాంతంలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా నిలుపుకుంటాయి కనుక, ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో మిట్టమధ్యాహ్నం సాధన చేస్తే రక్తంలో దాని మోతాదు విషపు స్థాయికి చేరవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దెబ్బ తగలగానే మందుల షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొని వేసుకోవడం మనవారికి అలవాటు. ఆ బిళ్లలు కూడా లిథియం మోతాదును పెంచుతాయి. స్కిజోఫ్రెనియాకు వాడే కొన్ని మందులు ఒంటి వేడిని తగ్గనివ్వవు, గబుక్కున లేస్తే కళ్లు తిరిగేలా చేస్తాయి.

అపోహ: మందులతో మత్తుగా ఉండేవారికి బెల్టులు రావు.

వాస్తవం: వస్తాయి, కొంత ఆలస్యం కావచ్చు. మత్తు వదలని రోజున కుమితే పెట్టకుండా హెయాన్ షోదాన్ అనే కటా (ఒంటరిగా వరుసక్రమంలో చేసే సాధన)లోని 21 కదలికలనే నెమ్మదిగా చేయిస్తాను.

కొత్తగా చేరేవారిని నేను జబ్బు పేరు అడగను, మందు పేరు మాత్రం ఏకాంతంగా అడిగి తెలుసుకుంటాను. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని చెప్పినవారిని ఒంటరిగా వదలకుండా, రాత్రింబవళ్లు పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు నా ఫోన్ నుంచే కలిపి ఇస్తాను.