రైఫిల్ రీలోడింగ్: అపోహలు - వాస్తవాలు

పేల్చిన తూటాలో మిగిలే ఇత్తడి కేసుని పాత కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ (పౌడర్‌ని వెలిగించే అడుగుబిళ్ల) ఎక్కించి, పౌడర్ తూచి పోసి, పైన బుల్లెట్ కూర్చోబెడితే తూటా తయారవుతుంది. చేతిపని త్వరగానే అలవాటవుతుంది. దానితోపాటు నోటిమాటగా వచ్చి చేరే నమ్మకాలే ఒక పట్టాన వదలవు. వాటిలో కొన్ని డబ్బు తింటాయి, కొన్ని బ్రాస్‌ని (ఇత్తడి కేసుల్ని) పాడుచేస్తాయి, ఒకటి రెండు రైఫిల్‌నే పగలగొడతాయి. అమెరికాలో ఉంటూ జింకల సీజన్‌కో, రేంజ్‌లో దూరపు టార్గెట్లకో రీలోడింగ్ మొదలుపెట్టే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఏ పౌడర్ ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూచే చిన్న కొలత) పోయాలో మాత్రం ఇక్కడ ఉండదు. ఆ అంకెని పౌడర్ కంపెనీ గానీ బుల్లెట్ కంపెనీ గానీ ఇచ్చే తాజా మాన్యువల్‌లోంచే తీసుకోవాలి.

అపోహ: సొంత వాడకానికి లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు.

వాస్తవం: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మీ కోసం మీరు తయారు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. అమ్మకానికి చేస్తే కావాలి. కానీ హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం కూడా మామూలుగా నిషేధమే. చట్టంలో ఉన్న కొద్ది మినహాయింపుల్లో చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిబంధన వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి. ప్రెస్ (రీలోడింగ్ యంత్రం) కొనడానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. ఇక్కడ పొరపాటు చేస్తే పోయేది వీసా. ఇండియాలో అయితే లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. వేటని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. సెలవులకి వెళ్లినప్పుడు అక్కడ చేసి చూపించే పని కాదిది.

అపోహ: ప్రైమర్ చదును కాలేదంటే ప్రెషర్ పరిమితిలోనే ఉన్నట్టు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. .308 విన్‌చెస్టర్ తూటాకి అనుమతించిన గరిష్ఠ సగటు ప్రెషర్ 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .30-06కి 60,000, .223కి 55,000. మూడింట్లోనూ ప్రైమర్ కప్పు గట్టిదైతే గుండ్రంగానే ఉంటుంది, మెత్తదైతే చదునవుతుంది. అంటే ప్రైమర్ ముఖం చూసి ఎంత ప్రెషర్ వచ్చిందో చెప్పలేం. తక్కువ చార్జి (పోసే పౌడర్ మోతాదు)లో కూడా ప్రైమర్ చదును కావచ్చు. కేసు చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) కంటే పొట్టిగా ఉంటే పేలగానే ప్రైమర్ కొంచెం వెనక్కి వస్తుంది, ఆ వెంటనే కేసు వెనక్కి తన్ని దాన్ని నలిపేస్తుంది.

బోల్ట్ (చాంబర్‌ని వెనకనుంచి మూసే భాగం) ఎత్తడానికి గట్టిగా ఉండటం, కేసు అడుగున ఎజెక్టర్ (కేసుని బయటికి తోసే పిన్ను) రంధ్రం అచ్చు మెరుస్తూ కనపడటం నిజమైన హెచ్చరికలే. కానీ అవి ఆలస్యంగా వస్తాయి. ఇత్తడి లొంగిపోయిన తర్వాతే ఆ గుర్తులు పడతాయి కాబట్టి, అవి కనపడేసరికి మీరు సాధారణంగా పరిమితి దాటి ఉంటారు. ఇంట్లో ప్రెషర్ కొలిచే సాధనం లేనివాళ్లకి అందుబాటులో ఉన్న మంచి కొలత వేగం. మాన్యువల్‌లో 24 అంగుళాల బ్యారెల్‌తో గరిష్ఠ చార్జికి వచ్చిన వేగం మీ 22 అంగుళాల బ్యారెల్‌లో ముందే వచ్చేసిందనుకోండి. చార్జి ఇంకా తక్కువే ఉన్నా అక్కడ ఆగిపోవాలి. ఎక్కువ వేగం ఎక్కడినుంచో ఊరికే రాదు, ప్రెషర్ నుంచే వస్తుంది. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే సాధనం) లేకుండా గరిష్ఠం దగ్గరికి వెళ్లడమంటే చీకట్లో మెట్లు దిగడమే.

అపోహ: మాన్యువల్‌లో గరిష్ఠం కంపెనీ లాయర్లు తగ్గించి వేసిన అంకె.

వాస్తవం: అది వాళ్ల టెస్ట్ బ్యారెల్‌లో, వాళ్ల కేసుతో, వాళ్ల ప్రైమర్‌తో, ఆ పౌడర్ లాట్‌తో (ఒకే విడతలో తయారైన సరుకుతో) కొలిచిన అంకె. మీ చాంబర్ ఇంకా బిగువైతే మీ గరిష్ఠం అంతకంటే ముందే వస్తుంది. అందుకే మాన్యువల్ ఇచ్చిన ప్రారంభ చార్జితోనే మొదలుపెట్టాలి. అది విడిగా ఇవ్వకపోతే గరిష్ఠానికి 10 శాతం కిందనుంచి. .308 అంత కేసులో 0.3 నుంచి 0.5 గ్రెయిన్ల చొప్పున, .223లో 0.2 చొప్పున పెంచుకుంటూ, ప్రతి మెట్టు దగ్గరా వేగం రాసుకోవాలి. ప్రైమర్, బ్రాస్, బుల్లెట్, పౌడర్ లాట్‌లలో ఏది మారినా కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. మిలిటరీ బ్రాస్ గోడలు సాధారణంగా మందంగా ఉంటాయి, లోపల చోటు తక్కువ, అదే చార్జికి ప్రెషర్ ఎక్కువ.

పౌడర్ పేర్ల విషయంలో మరీ జాగ్రత్త. హెచ్4350, ఐఎంఆర్ 4350 ఒకటి కాదు. హెచ్4831, ఐఎంఆర్ 4831 కూడా అంతే. అంకె ఒకటే, డబ్బాలో ఉన్నది వేరు. ఏ పౌడర్ వేగంగా మండుతుందో వరుసగా చూపే పట్టికని చూసి "పక్కపక్కనే ఉన్నాయి కదా" అని ఒకదాని చార్జి ఇంకోదానికి వాడకూడదు. బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. పని అయ్యాక మెజర్‌లో (పౌడర్ కొలిచి పోసే సాధనంలో) మిగిలింది అదే డబ్బాలోకి వెళ్లాలి.

అపోహ: చార్జి ఎంత తగ్గిస్తే అంత భద్రం.

వాస్తవం: నెమ్మదిగా మండే పౌడర్‌ని పెద్ద కేసులో ప్రారంభ చార్జి కన్నా బాగా తగ్గించి వాడితే ఊహించని ప్రెషర్ పుట్టి రైఫిళ్లు పగిలిన సందర్భాలున్నాయి. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవడం ఇంకో ప్రమాదం. చప్పుడు మామూలుగా లేకపోతే, టార్గెట్ మీద రంధ్రం కనపడకపోతే, ఇంకో తూటా పెట్టకుండా బోల్ట్ తీసి బ్యారెల్‌లోంచి వెలుతురు చూడాలి. మెల్లటి లోడ్ (బుల్లెట్, పౌడర్ మోతాదుల కలయిక) కావాలంటే దానికోసం ప్రచురించిన డేటానే వాడాలి. ఉదాహరణకి హెచ్4895కి గరిష్ఠ చార్జిలో 60 శాతం మిగిలేదాకా తగ్గించవచ్చని హాడ్జ్‌డన్ కంపెనీయే చెబుతుంది.

అపోహ: మూడు తూటాలు అర అంగుళంలో పడ్డాయంటే లోడ్ దొరికినట్టే.

వాస్తవం: 100 గజాల దగ్గర పది తూటాల గ్రూప్ (రంధ్రాల మధ్య అత్యధిక దూరం) సగటున 1.5 అంగుళాలు ఇచ్చే రైఫిల్ ఉందనుకోండి. అదే రైఫిల్, అదే లోడ్, మూడేసి కాలిస్తే సగటు సుమారు 0.95 అంగుళమే వస్తుంది. మధ్యమధ్యలో అర అంగుళం గ్రూప్ కూడా పడుతుంది. జేబులో పెట్టుకుని తిరిగే టార్గెట్ కాగితం అదే. రైఫిల్ మారలేదు, తూటాలు తక్కువ కాల్చారు, అంతే.

వేగాల్లో తేడాదీ ఇదే సంగతి. ఐదు తూటాల ప్రామాణిక విచలనం (వేగాలు సగటుకి ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే కొలత) సెకనుకి 10 అడుగులని క్రోనోగ్రాఫ్ చూపిస్తే, అసలు విలువ 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇరవై కాలిస్తే ఆ పరిధి 7.6 నుంచి 14.6కి తగ్గుతుంది. అందుకే ఒక్కో చార్జితో ఒక్కో తూటా కాల్చి, వేగం పెరగని "సమతల" చోటు వెతికే పద్ధతిని మేం సిఫారసు చేయం. చార్జి పెరిగేకొద్దీ వేగం దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. మధ్యలో కనపడే మెట్టు చాలాసార్లు యాదృచ్ఛికమే, మరునాడు ఇంకోచోట కనపడుతుంది. కావాల్సిన వేగం ఇచ్చే, ప్రెషర్ సందేహం లేని చార్జి ఒకటి ఎంచుకుని దాంతో ఇరవై కాల్చండి. బాగా రాకపోతే ముందు బుల్లెట్ మార్చండి, ఆ తర్వాత పౌడర్. 0.1 గ్రెయిన్ అటూ ఇటూ జరపడం వల్ల వచ్చే మార్పు వీటి ముందు చాలా చిన్నది.

అపోహ: పౌడర్‌ని పలుకు లెక్కన తూస్తేనే గురి కుదురుతుంది.

వాస్తవం: వార్గెట్ లాంటి పౌడర్ పలుకు ఒకటి సుమారు 0.02 గ్రెయిన్. .308లో 0.1 గ్రెయిన్ తేడా వేగాన్ని సెకనుకి ఐదడుగులు అటూ ఇటూ మారుస్తుంది. 100 గజాల దగ్గర అది కనపడదు. 1,000 గజాల దగ్గర పది అడుగుల తేడాకి సుమారు మూడంగుళాలు పైకో కిందికో వెళుతుంది, అక్కడ పట్టించుకోవాలి. వేటకి 0.1లో తూస్తే చాలు. అసలు చూడాల్సింది త్రాసు నిలకడ. డిజిటల్ త్రాసు వేడెక్కేకొద్దీ సున్నా జరుగుతుంది, ఫ్యాన్ గాలికి అంకె ఊగుతుంది. పది తూటాలకోసారి చెక్ వెయిట్ పెట్టి చూడండి. పోయడం అయ్యాక, బుల్లెట్లు పెట్టకముందే, ట్రేలో ఉన్న కేసులన్నిట్లోకీ టార్చి వేసి పౌడర్ మట్టం ఒకేలా ఉందో లేదో చూడండి.

అపోహ: కేసు మెడ (బుల్లెట్‌ని పట్టుకునే భాగం) ఒక్కటే సైజు చేస్తే బ్రాస్ ఎక్కువకాలం ఉంటుంది, గురి పెరుగుతుంది.

వాస్తవం: రెండు మూడు సార్లు పేల్చాక ఆ కేసు చాంబర్‌లో బిగుసుకుంటుంది, బోల్ట్ మూయడానికే బలం కావాలి. పూర్తి కేసుని సైజు చేయడమే మంచిది, కాకపోతే కొలిచి చేయాలి. చాలామంది డై (కేసుని పాత కొలతకి నొక్కే అచ్చు) పెట్టెలో ఉన్న కాగితం చెప్పినట్టు డైని షెల్ హోల్డర్‌కి (కేసు అడుగుని పట్టుకునే ముక్కకి) తగిలేదాకా దింపి, ఇంకొంచెం తిప్పుతారు. దాంతో భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) చాలా వెనక్కి పోతుంది. పేలిన ప్రతిసారీ కేసు ముందుకి సాగి, అడుగుభాగం పైన గోడ పలచబడి, చివరికి రెండు ముక్కలవుతుంది.

చేయాల్సింది ఇది. పేల్చిన కేసు ప్రైమర్ తీసేసి, కాలిపర్‌కి కంపారేటర్ (భుజం దాకా కొలవడానికి తగిలించే ముక్క) తగిలించి అడుగునుంచి భుజం దాకా కొలవండి. డైని కొంచెం కొంచెం దింపుతూ ఆ కొలత 0.001 నుంచి 0.002 అంగుళం తగ్గేదాకా సర్దండి. సెమీ ఆటోమేటిక్ అయితే 0.003 నుంచి 0.005. ల్యూబ్ (జారుడు పదార్థం) రాయకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం మీద సొట్ట పడుతుంది. సైజు చేశాక ల్యూబ్‌ని పూర్తిగా తుడిచేయాలి. .308 కేసు పొడవు 2.015 అంగుళాలు దాటితే 2.005కి కత్తిరించాలి. లేకపోతే కేసు మూతి చాంబర్ చివర నొక్కుకుని బుల్లెట్‌ని పట్టేస్తుంది, ప్రెషర్ ఎగబాకుతుంది.

పాత బ్రాస్‌ని పరీక్షించడానికి ఒక పేపర్ క్లిప్పు చాలు. దాన్ని తిన్నగా చేసి, కొనని కాస్త వంచి, కేసు అడుగునుంచి లోపలి గోడ వెంట పైకి లాగండి. రిమ్‌కి పావు అంగుళం పైన కొన గాడిలో పడినట్టు తగిలితే ఆ కేసుని పారేయండి. బయట అదే ఎత్తులో చుట్టూ మెరిసే గీత కనపడినా అంతే.

అపోహ: బుల్లెట్ రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపలి మెలి గాడులకి) ఎంత దగ్గరైతే అంత గురి.

వాస్తవం: కొన్ని బుల్లెట్లకి అవును, చాలావాటికి కాదు. రైఫ్లింగ్‌కి 0.020 అంగుళం వెనక మొదలుపెట్టి ఇంకా వెనక్కి జరుపుతూ చూడొచ్చు. రైఫ్లింగ్‌కి ఆనించి కూర్చోబెడితే ప్రెషర్ పెరుగుతుంది. వేటలో ఇంకో చిక్కు: కాల్చని తూటాని బయటికి తీసేటప్పుడు బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి, పౌడర్ అంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోవచ్చు. మ్యాగజైన్‌లో పట్టని పొడవు కూడా వేటకి పనికిరాదు.

అపోహ: మ్యాచ్ బుల్లెట్ (గురి పోటీలకి చేసిన బుల్లెట్) కొనకి రంధ్రం ఉంటుంది కాబట్టి జంతువులో విచ్చుకుంటుంది.

వాస్తవం: ఆ చిన్న రంధ్రం జాకెట్‌ని (బుల్లెట్ పై లోహపు పొరని) అడుగునుంచి కొన వైపు మలచడం వల్ల మిగిలింది. విచ్చుకోవడానికి పెట్టింది కాదు. వేటకి వేట బుల్లెట్టే వాడాలి. గాయపడి పారిపోయిన జంతువు మన బాధ్యత. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం లేని బుల్లెట్లే వాడాలి. రాగి బుల్లెట్ అదే బరువుకి పొడవెక్కువ, కేసులో చోటు తినేస్తుంది, కాబట్టి సీసం బుల్లెట్ డేటా దానికి పనికిరాదు. అది విచ్చుకోవడానికి కావాల్సిన కనీస వేగం తయారీదారు చెబుతాడు, చాలావాటికి సెకనుకి 1,800 నుంచి 2,000 అడుగుల మధ్య. మీ వేగంతో ఆ అంకె ఎంత దూరం దాకా నిలుస్తుందో లెక్కేసి, అక్కడే మీ గరిష్ఠ దూరం గీసుకోండి.

అపోహ: డబ్బు ఆదా.

వాస్తవం: ఒక్కో తూటాకి తగ్గుతుంది. తూటాలు ఎక్కువ కాలుస్తారు కాబట్టి మొత్తం ఖర్చు తగ్గదు.

సీజన్ ముందు, వేటకి తీసుకెళ్లే ప్రతి తూటానీ రేంజ్‌లో, మూతిని మట్టికట్ట వైపు ఉంచి, మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి ఎక్కించి తీయండి. ఇంట్లో ఈ పని వద్దు. బోల్ట్ గట్టిగా మూసుకున్నది ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టి, భుజం కొలత మళ్లీ చూడండి.