తీపి తెలిసి, ఆకలి తెలియని మెదడు

మనిషి మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించడం సాధ్యమా అని అడిగేవారు ముందుగా పండ్ల ఈగ సంగతి తెలుసుకోవాలి. ఆ ఈగకున్న, గసగసాల గింజకన్నా చిన్నదైన మెదడులోని సుమారు 1,39,000 న్యూరాన్లను (నాడీకణాలను), వాటి మధ్య సంకేతాలు దాటే 5 కోట్లకు పైగా సంధులను గుర్తించి, శాస్త్రవేత్తలు 2024 అక్టోబరులో పూర్తి పటాన్ని ప్రకటించారు. ఆ పటం ఆధారంగా కంప్యూటర్‌లో నిర్మించిన నమూనాలో చక్కెర రుచిని పసిగట్టే న్యూరాన్లను ప్రేరేపిస్తే, తొండం చాపించే న్యూరాన్లు స్పందించాయి. ఇది నిస్సందేహంగా గొప్ప విజయమే. అయితే నిజమైన ఈగ కడుపు నిండి ఉన్నప్పుడు అదే చక్కెరపై అంత ఆసక్తి చూపదు. నమూనాకు కడుపే లేదు కనుక ఆకలీ లేదు, తృప్తీ లేదు.

ఈ లోపం చిన్నది కాదు. ఏ న్యూరాన్ దేనితో కలిసిందో పటం చెబుతుంది గాని, డోపమైన్, సెరొటోనిన్ వంటి మెదడు రసాయనాలు ఏ క్షణాన ఎంత ఊరి, అవే సంధుల తీరును ఎలా మారుస్తున్నాయో చెప్పదు. 302 న్యూరాన్లు మాత్రమే ఉన్న ఒక సూక్ష్మ నులిపురుగు నాడీపటం 1986లోనే అచ్చయినా, దాని ప్రవర్తన మొత్తాన్ని కంప్యూటర్‌లో తిరిగి పుట్టించడం ఇంకా సాధ్యం కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మనిషి మెదడులోని న్యూరాన్లు దాదాపు 8,600 కోట్లు. అందులో ఒక్క ఘన మిల్లీమీటరు ముక్కను చిత్రించడానికే 1,400 టెరాబైట్ల సమాచారం అవసరమైంది. నిల్వ సమస్య ఏనాటికైనా తీరవచ్చు. అసలు చిక్కు అనుభూతి దగ్గర ఉంది.

శరీరం వణకడం వల్లనే మనకు భయం కలుగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1884లో వాదించాడు. ఆ వాదన యథాతథంగా నిలవలేదు గాని, గుండె, ఊపిరితిత్తులు, పేగుల నుంచి నిరంతరం అందే కబుర్లు మన భావోద్వేగాలను తీర్చిదిద్దుతాయన్నది నేడు బలపడిన విషయం. మెదడును ఈ అవయవాలతో కలిపే వేగస్ నాడిలోని పోగుల్లో అత్యధికం ఆజ్ఞలను కిందికి చేరవేసేవి కావు, ఆ కబుర్లను మెదడుకు మోసేవి.

బయటి కబుర్లు తగ్గినా మనసు ఎంత కుదేలవుతుందో 1950లలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త డొనాల్డ్ హెబ్ బృందం చూసింది. విద్యార్థులకు రోజుకు 20 డాలర్లు ఇచ్చి, కళ్లకు మసక అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టి, ఒక చిన్న గదిలో ఊరికే పడుకోబెట్టారు. ఆ రోజుల్లో అది మంచి సొమ్మే అయినా రెండు మూడు రోజులకు మించి ఉండగలిగినవారు తక్కువ. ఆలోచన చెదిరింది, లేని దృశ్యాలు కనిపించాయి. వారికి గుండె కొట్టుకుంటూనే ఉంది, భోజనానికి లేచే వీలూ ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక శరీరమే లేకుండా మేల్కొనే మనసు నకలుకు ఆపాటి ఆసరా కూడా ఉండదు.

దీనికి విరుగుడుగా ఒక కృత్రిమ శరీరాన్నీ కంప్యూటర్‌లోనే సృష్టిస్తే సరిపోతుందని కొందరంటారు. అప్పుడు గుండె వేగం, నిద్ర, దుఃఖపు తీవ్రత అన్నీ ఎవరో సరిచేయగల అంకెలవుతాయి. భార్యను తలచుకొని కుమిలిపోతున్న నకలుకు ఆ బాధను తగ్గించడం వైద్యమా, ఆ మనిషినే మార్చివేయడమా అన్నది, నా దృష్టిలో, ఈ చర్చలో అందరూ దాటవేస్తున్న ప్రశ్న.

ఇక ఆ మనిషి వెనక మిగిలిన కుటుంబం సంగతి. 2020లో దక్షిణ కొరియా టెలివిజన్‌లో, చనిపోయిన కూతురికి కంప్యూటర్‌తో తయారుచేసిన కృత్రిమ రూపాన్ని ఒక తల్లి కలుసుకున్న దృశ్యం ప్రసారమైనప్పుడు, అది ఓదార్పా, గాయాన్ని రేపడమా అని వాదోపవాదాలు చెలరేగాయి. ఆ రూపానికి మనసు లేదు కనుక దాన్ని ఆపివేసినా దానికి బాధ లేదు. మనసు నకలు విషయంలో అంత నిశ్చింతగా ఉండలేం. సర్వర్ అద్దె భారమై కుటుంబం దాన్ని ఆపాలనుకున్న రోజున, వద్దని అది బతిమాలితే, ఆ మాటలు ప్రోగ్రామువో ఇంటి మనిషివో తేల్చి చెప్పే పరీక్ష ఏదీ నాడీశాస్త్రం చేతిలో ఇప్పటికైతే లేదు.