బిడ్డను కట్టుకునే బట్ట: మెత్తదనం కన్నా పట్టు ముఖ్యం

బిడ్డను ర్యాప్‌తో, అంటే ఒంటికి చుట్టి ముడి వేసుకునే పొడవాటి బట్టతో, కట్టుకోవడం నేర్పడం నా పని. కొత్తగా వచ్చిన తల్లులు ముందుగా బట్టను చెంపకు ఆనించి చూస్తారు. నేనేమో దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఐమూలగా లాగి చూడమంటాను.

అపోహ: ఎంత సాగితే బిడ్డకు అంత హాయి.

వాస్తవం: సాగే ర్యాప్ టీషర్టు బట్టలాంటి అల్లిక. పసిగుడ్డుకు చక్కగా ఒదుగుతుంది. బరువు పెరిగేకొద్దీ అదే సాగుడు ఇబ్బంది పెడుతుంది. కట్టినప్పుడు ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉన్న తల, అరగంట నడిచేసరికి రొమ్ము కిందికి జారుతుంది. వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. నాకు భయం అక్కడే, నెలల బిడ్డకు ఊపిరి అందకపోవడానికి అంతే చాలు. గడ్డం కింద ఎప్పుడూ రెండు వేళ్ల సందు ఉండాలి. లేబుల్ మీద ఎంత బరువు రాసినా, 7, 8 కిలోలు దాటాక చాలా సాగే ర్యాప్‌లు వదులవడం నేను చూస్తూనే ఉన్నాను. వీటితో బిడ్డను వీపున కట్టుకోవడం అసలే వద్దు. వెనక్కి విరుచుకుంటే బట్ట ఆపలేదు.

అపోహ: పొడుగ్గా ఉంటే ఏ బట్టయినా సరే.

వాస్తవం: నేత ర్యాప్ నిలువుకూ అడ్డానికీ దాదాపు సాగదు, ఐమూలగా మాత్రం కాస్త ఇస్తుంది. అందుకే చాలావాటిని ట్విల్ నేతలో, అంటే జీన్స్ బట్టలా ఐమూల గీతలు కనిపించే నేతలో, నేస్తారు. ఆ కాస్తతోనే బట్ట గుండ్రటి వీపును అంటిపెట్టుకుంటుంది, బరువునూ మోస్తుంది. నున్నటి పాలిస్టర్‌లో ముడి జారుతుంది. మధ్యలో అతుకు కుట్టు ఉన్న బట్టను పక్కన పెట్టేయండి. వెడల్పు 60, 70 సెంటీమీటర్లయినా ఉండాలి. బిడ్డ ఒక మోకాలి మడత నుంచి రెండో దాని దాకా పరుచుకుని, పైఅంచు మెడ దాకా రావాలి కదా.

అపోహ: మందంగా ఉంటేనే గట్టిది.

వాస్తవం: 200 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) నూలు ర్యాప్ కూడా పసిబిడ్డను బాగా మోస్తుంది. 300 దాటినది బరువైన పిల్లలకు భుజం కోయకుండా ఉంటుంది గానీ, కొత్తలో అట్టలా బిగుసుకుని ఉంటుంది. మూడు నెలల పాపతో వచ్చిన ఒకమ్మాయి అలాంటిదే తెచ్చుకుంది. ముడి పిడికిలంత అయింది, పైఅంచు పాప మెడ దగ్గర దొప్పలా విచ్చుకుంది. వదులు తీయబోతే పోగులు కదల్లేదు. పలచటిది ఇచ్చి, అంచు నుంచి కొంచెం కొంచెంగా బిగిస్తూ రమ్మన్నాను. పాప ఒంటికి అతుక్కుపోయి పడుకుంది. బట్ట ఒక్కో పొరనూ ఒక్కో చొక్కాగా లెక్కేయండి, బిడ్డకు ఒంటి మీద ఆ మేరకు తగ్గించండి.

అపోహ: పొడవు ఎక్కువైతే నష్టం లేదు.

వాస్తవం: కొసలు కాళ్లకు అడ్డుపడతాయి. మధ్యస్థంగా ఉండే మనిషికి చాలా కట్లకు 4.6 మీటర్లు, అంటే ర్యాప్‌ల కొలతల్లో 6వ సైజు, సరిపోతుంది.

నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డయితే బట్ట కొనేముందే పిల్లల డాక్టరును అడగండి. వాడినది తీసుకుంటే వెలుతురుకు ఎదురుగా పట్టి మొత్తం చూడండి. పోగులు పలచబడినచోట వెలుగు ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి చోటు ఒక్కటి ఉన్నా ఆ బట్టలో బిడ్డను కట్టకండి.